మేకు అనకూడని ఇల్లు

మా కోక్‌జర్‌లో పడవ మోటారు ఎవరి చేతిలో ఉన్నా పిచ్చోడి చేతిలో రాయే. పెట్రోలులో కలపాల్సిన నూనె కలపరు. కలిపినా, రొట్టెలు వేయించిన నూనె కలుపుతారు. బల్ఖాష్ సరస్సుకి పడమటి సగం మంచినీళ్లు, మా తూర్పు సగం ఉప్పునీళ్లు. ఇంటికొచ్చాక మోటారుని బావినీళ్ల తొట్టిలో పెట్టి రెండు నిమిషాలు తిప్పండ్రా, లోపల ఉప్పు పేరుకుంటుంది అని ఇరవయ్యేళ్లుగా మొత్తుకుంటున్నాను. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. పాడయ్యాక మాత్రం నా రేకుల షెడ్డు ముందు నిలబడి ‘ఉస్తా, నువ్వే దిక్కు’ అంటారు. ఉస్తా అంటే మేస్త్రీ. ఝుమాదిల్ అనే నా పేరుతో పిలిచేవాళ్లు ఊళ్లో నలుగురు కూడా ఉండరు.

మిర్జతాయ్ అలాంటివాడు కాదు. ఇరవై ఆరేళ్లవాడు, చేపల వేట నుంచి రాగానే మోటారుని పసిబిడ్డలా కడిగి తుడిచేవాడు. నాకు ఇష్టమైనవాడు. అందుకే ఇది చెప్పడం నాకు కష్టంగా ఉంది.

నీళ్లలో తిరిగి పడవని తోసే పంకా ఇరుసుకి అడ్డంగా ఒక ఇత్తడి పిన్ను ఉంటుంది, చిటికెన వేలంత కూడా ఉండదు. అది ఉన్నదే విరగడానికి. పంకా రాయికో, మునిగిన మొద్దుకో తగిలితే పిన్ను పుటుక్కున విరిగి లోపలి గేర్లను కాపాడుతుంది. పడవ ఆపి, పంకా ఊడదీసి, కొత్త పిన్ను దూర్చి మళ్లీ బయల్దేరొచ్చు. ఐదు నిమిషాల పని. పిన్ను బదులు ఉక్కు మేకు పెడితే అది విరగదు. దాని బదులు గేర్లు విరుగుతాయి. నడి నీళ్లలో గేర్లు విరిగితే అల్లా తప్ప వేరే మెకానిక్ లేడు. ఈ సంగతి మా ఊళ్లో వల పట్టిన ప్రతివాడికీ తెలుసు.

తొంభై ఆరు, అక్టోబరు చివర. సరస్సు గడ్డకట్టేలోపు వలలు తీసుకోవాలని అందరికీ తొందర. మిర్జతాయ్ మోటారు నా దగ్గరికి వచ్చింది, రెల్లులో ఎక్కడో రాయిని గుద్ది ఒక రెక్క వంగింది, పిన్ను విరిగింది. రెక్కని సుత్తితో కొట్టి సరిచేశాను. పిన్నుల డబ్బా చూస్తే ఖాళీ. పిన్నులు కోసుకునే ఇత్తడి కడ్డీ పట్నం నుంచి రావాలి, రెండు వారాలుగా ఏ లారీ రాలేదు. గోడలకి కొట్టే గట్టి మేకు ఒకటి కోసి పెట్టాను. రేవు దాకా పడవ జరుపుకోవడానికి, అంతే. పొరుగూరి పంపుల షెడ్డులో పాత ఇత్తడి ఉందన్నారు, రెండు రోజుల్లో తెచ్చి సరైన పిన్ను చేద్దామనుకున్నాను.

మోటారు తీసుకెళ్లడానికి మిర్జతాయ్ రాలేదు. వలలు సర్దుకుంటూ పెళ్లాన్ని గాడిద బండితో పంపాడు. కుల్జీరా, పెళ్లై నాలుగు నెలలు. ఇద్దరం కలిసి మోటారు బండిలోకి ఎత్తాం. అప్పటికే పొరుగూరు వెళ్లే లారీవాడు హారన్ మోగిస్తున్నాడు.

“ఇదిగో కోడలా, మీ ఆయనకి ఒక్క మాట చెప్పు. పంకాకి మేకు పడిందని చెప్పు. వాడికి తెలుస్తుంది.”

“అంతేనా ఉస్తా?”

“అంతే. మర్చిపోతే నీ చెవులు మెలేస్తా.”

“మర్చిపోను లెండి, మీలాగా ముసలిదాన్నా?” అని నవ్వి గాడిదని అదిలించింది.

లారీ ఎక్కాను. చీటీ రాసి ఇవ్వొచ్చు కదా అని అడుగుతారు. పెన్సిలు చెవి మీదే ఉంది.

ఆ ఇంటి సంగతి నాకు తెలియనిది కాదు. మాలో కోడలు అత్తింటి పెద్దల పేర్లు ఎత్తకూడదు, చచ్చినవాళ్లవి కూడా. ఆ పేరు మామూలు మాట అయితే ఆ మాటా అనకూడదు, దానికో మారుపేరు తనే పుట్టించుకోవాలి. ఎంత కొంటెగా పుట్టిస్తే అంత తెలివైన కోడలని పేరు. మిర్జతాయ్ తాత పేరు షెగెబాయ్. మా భాషలో షెగె అంటే మేకు. ఆయన పోయి పద్దెనిమిదేళ్లైనా ఆ ఇంట్లో ఆడవాళ్ల నోట మేకు అనే మాట లేదు. మిర్జతాయ్ తల్లి బాతిమా వదిన దాన్ని ‘తలకాయది’ అనేది. మిర్జతాయ్ పుట్టినప్పటి నుంచీ విన్నది ఆ మాటే. కొత్తగా వచ్చిన కుల్జీరా అత్త మాట అరువు తెచ్చుకోవడం ఎందుకని తనే ఒకటి పెట్టుకుంది. కొట్టుడు. గోడకి కొట్టేది కాబట్టి కొట్టుడు. ఇరుగుపొరుగు ఆడవాళ్లు విని మెచ్చుకున్నారట, మగవాళ్ల దాకా అది ఇంకా రాలేదు.

ఆ సాయంత్రం జరిగింది నాకు తర్వాత తెలిసింది. మిర్జతాయ్ టీ తాగుతున్నాడు. బాతిమా పొయ్యి పక్కన కూర్చుని ఉన్ని వడుకుతోంది. కుల్జీరా లోపలికి వచ్చి చెప్పింది.

“ఉస్తా చెప్పమన్నాడు. పంకాకి కొట్టుడు పడిందంట. నీకు తెలుస్తుందన్నాడు.”

“పడకుండా ఉంటుందా! రెక్క అంతలా వంగితే. ఎన్ని దెబ్బలు పడ్డాయో పాపం దానికి.”

“ఏమో, చాలా గట్టిగా చెప్పాడు.”

“ఉస్తా ఎప్పుడు మెల్లగా చెప్పాడు? ఇంకో కప్పు పొయ్యి.”

అంతే. తెల్లారి మిర్జతాయ్ పెందలాడే పడవ దింపి, ఉత్తరపు రెల్లు దాటి దూరపు వలలకి వెళ్లాడు.

నేను తిరిగొచ్చింది రెండో రోజు మధ్యాహ్నం. జేబులో ఇత్తడి ముక్క ఉంది. ముందురోజు పదింటి నుంచీ ఈశాన్యం గాలి కొడుతోంది, లారీ అద్దాల సందుల్లోంచి ఇసుక లోపలికి పడింది. ఒడ్డున బాతిమా నిలబడి ఉంది, శాలువా పళ్లతో కరిచిపట్టుకుని.

“వదినా, ఇక్కడేంటి ఈ గాలిలో?”

“మిర్జతాయ్ నిన్న పొద్దున పోయాడు. రాత్రికి రాలేదు. గాలికి ఏ దిబ్బ మీదో ఆగుంటాడులే.”

“దేంట్లో పోయాడు?”

“దేంట్లో పోతాడు, తన పడవలోనే. నువ్వు బాగుచేసి పంపావుగా.”

చెప్పిన మాట విని కూడా పోయాడా? వాడు అలాంటి వెధవ కాదే. లేదా నా మాట చేరలేదా? అప్పుడు ఏదీ అడగలేదు. అడిగే ధైర్యం లేదు.

రెండు పడవల్లో ఆరుగురం బయల్దేరాం. అలలు ఎత్తెత్తి పడేస్తున్నాయి, నీళ్లు మీద పడ్డచోటే గడ్డకడుతున్నాయి. రెల్లు అంతా పేరు పెట్టి అరుస్తూ తిరిగాం. చీకటి పడ్డాక వెనక్కి వచ్చి, తెల్లవారుతూనే మళ్లీ వెళ్లాం. మూడో రోజు దక్షిణపు రాళ్ల ఒడ్డున పడవ కనిపించింది. మిర్జతాయ్ అందులోనే ఉన్నాడు. అలలకి పడిపోకుండా వల తాడుతో తనని తాను బల్లకి కట్టుకున్నాడు. మోకాళ్ల దాకా నీళ్లు, ఆ నీళ్లన్నీ మంచు.

మిగతావాళ్లు వాడి కట్లు విప్పుతుంటే నేను మోటారు చూశాను. అది నా పని, అదొక్కటే తెలుసు నాకు. పంకా ఊడదీసి ఉంది. దాని నట్టు పోకుండా వాడి కోటు జేబులో భద్రంగా ఉంది. బల్ల మీద పడవ అంచు పట్టెకి ఇరికించి ఒక రేకు డబ్బా, మూత తీసి ఉంది. లోపల మూడు కొత్త ఇత్తడి పిన్నులు.

వాడి దగ్గర పిన్నులు ఉన్నాయని నాకు తెలియదు. వాడు చెప్పలేదు, నేను వాణ్ణి అడగలేదు. బయల్దేరేముందు మేకు అన్న మాట చెవిన పడితే చాలు, వాడు పిన్ను మార్చుకుని పోయేవాడు. ఐదు నిమిషాలు.

ఇరుసు చూశాను. నా మేకు చెక్కుచెదరకుండా ఉంది. చేత్తో ఇరుసు తిప్పితే లోపల విరిగిన గేరు పళ్లు గరగరలాడాయి. ఏం జరిగిందో అక్షరం పొల్లుపోకుండా చదవగలిగాను. ఏదో తగిలింది, ఇంజను ఆడుతోంది గానీ పడవ కదలడం లేదు. పిన్ను విరిగిందనుకుని, కంగారు లేకుండా, నేను నేర్పినట్టే పంకా తీశాడు. మేకు చూశాడు. అప్పుడు వాడికి తెలిసింది. ఆ క్షణంలో నన్ను ఏమని తిట్టుకున్నాడో. తిట్టుకునే ఉండాలి. తిట్టుకోకుండా పోయాడంటే అది నాకు ఇంకా కష్టం.

ఏడో రోజు భోజనాలకి ఊరంతా ఆ ఇంట్లో చేరింది. పెద్దాయన ఒకడు, మిర్జతాయ్ పెదనాన్న వరస, టీ గిన్నె కింద పెట్టి అందరి ముందూ అడిగాడు.

“ఉస్తా. మోటారులో మేకు ఉందంట. నిజమేనా?”

“నిజం.”

“పెట్టింది నువ్వే?”

“నేనే.”

“మరి కుర్రాడికి చెప్పావా?”

అప్పటికే కుల్జీరాని పక్కకి పిలిచి అడిగి ఉన్నాను, ఆ సాయంత్రం ఏమందో తెలుసుకుని ఉన్నాను. చెప్పానంటే వేళ్లన్నీ ఆ పిల్ల వైపు తిరుగుతాయి. పంతొమ్మిదేళ్ల పిల్ల, తెల్ల గుడ్డ తలకి కట్టుకుని గోడ పక్కన టీ పోస్తోంది.

“చెప్పలేదు,” అన్నాను. “లారీ తొందరలో మర్చిపోయాను. తప్పు నాది.”

ఎవరో తుపుక్కున ఉమ్మారు. పడవలో నాతో వచ్చినవాడే. సరే అనుకున్నాను, అదీ నాకు తగినదే.

“చెప్పాడు.”

కుల్జీరా టీ కూజా పట్టుకుని లేచి నిలబడింది. మగవాళ్ల మధ్య కోడలు గొంతెత్తడం ఆ గదిలో ఎవరూ ఎరగరు.

“చెప్పాడు. పంకాకి మేకు పడిందని చెప్పమన్నాడు. మేకు. నేను మేకు అనలేదు. కొట్టుడు అన్నాను. మా ఆయనేమో రెక్కని సుత్తితో కొట్టారనుకున్నాడు.”

చచ్చిన షెగెబాయ్ పేరులోని మాట ఆయన ఇంట్లోనే మూడుసార్లు పలికింది. బాతిమా లేచింది. కొడుతుందనుకున్నాను, ఆపడానికి నేనూ సగం లేచాను. ఆమె కోడలి చేతిలోంచి కూజా తీసుకుని కింద పెట్టి, ఆ పిల్ల రెండు చేతులూ పట్టుకుంది.

“దీన్నేమీ అనొద్దు,” అంది పెద్దాయనతో. “నేనూ అక్కడే ఉన్నాను. విన్నాను. కొట్టుడంటే ఏంటో వాడికి తెలీదు గానీ నాకు తెలుసు. వాడు తప్పుగా అనుకున్నాడని కూడా తెలిసింది.”

“తెలిసి చెప్పలేదా?”

“మోటారు గొడవ నాకేం తెలుసు? కోడలు నోరు జారలేదు, ఎంత బాగా తప్పించింది అని మురిసిపోయాను. వడుకుతూ కూర్చుని నాలో నేనే నవ్వుకున్నాను.”