గరిటెల గోళ్ళు

రామ్మోహన్ గారింట్లో పుట్టినరోజంటే ఐర్లండ్‌లో, కార్క్ పక్కనున్న రింగాస్కిడీ చుట్టుపక్కల తెలుగువాళ్ళకి ఆ శనివారం వేరే పనులుండవు. ఉండకూడదు కూడా. మందుల ఫ్యాక్టరీలో మనుషుల్ని తీసుకునేదీ తీసేసేదీ ఆయనే మరి! మాంద్యం దెబ్బకి సగం మందిని ఇంటికి పంపేశాక, మిగిలిన సగం ఆయన కనిపిస్తే చాలు, పళ్ళన్నీ బయటపెడుతున్నారు.

ఇంటికి పోయినవాళ్ళలో జితేంద్ర ఒకడు. గడువులోగా ఇంకోచోట కుదురుకోకపోతే పర్మిట్ పోతుంది, పెట్టే బేడా సర్దుకోవాల్సిందే. అదే ఫ్యాక్టరీలో క్వాలిటీ విభాగంలో ఒక్క ఖాళీ ఉందని తెలిసిన దగ్గర్నుంచీ అతనికి కంటిమీద కునుకు లేదు.

"జ్ఞానా, నీ బొరియల సంగతి పిల్లలకి చెప్పమని రామ్మోహన్ గారు స్వయంగా అడిగారే. కాదనకు తల్లీ, నీకు దండం పెడతా," అన్నాడు భార్యతో.

జ్ఞానేశ్వరి బొరియల డాక్టరు. నిజంగానే డాక్టరు, పీహెచ్‌డీ. పెళ్ళికి ముందు బ్రెజిల్ కొండల్లో, ఏనుగంతేసి స్లాత్‌లనే జంతువులు వేల ఏళ్ళ కిందట గోళ్ళతో తవ్వుకున్న సొరంగాల్లో తిరిగిన మనిషి. నడుం వంచక్కర్లేకుండా నడిచిపోవచ్చు, అంత పెద్దవి. తవ్విన జంతువులు ఒక్కటీ మిగల్లేదు గానీ, గోడల మీద గోళ్ళ గీతలు మాత్రం నిన్న గీసినట్టే ఉన్నాయి. ఒకసారి ఆ గాట్లలో తన వేళ్ళు పెట్టి చూసుకుని ఏడ్చేసింది కూడా. ఈ మాట కార్క్‌లో ఎవరికి చెప్పుకుంటుంది? "ఎలక కన్నాలకి కూడా పీహెచ్‌డీలిస్తారా అమ్మాయ్?" అని ఓ అంకుల్ అంటే నలుగురూ పడీ పడీ నవ్వారు. అందరికంటే ముందు నవ్వింది జితేంద్రే.

సరే, మొగుడి ఉద్యోగం కదా అని పట్టుచీర కట్టుకుని వెళ్ళింది. రామ్మోహన్ భార్య జయశ్రీ హాల్లో సోఫాలూ కుర్చీలూ బొంతలూ కలిపి పేద్ద సొరంగం కట్టించింది. దాని కొస మెట్ల కింది ప్రెస్‌లోకి పోతుంది. సామాన్ల అల్మారాని ఇక్కడ అందరూ ప్రెస్ అనే అంటారు లెండి.

జ్ఞానేశ్వరి పిల్లల్ని చుట్టూ కూర్చోబెట్టుకుని, ఎంతో ముచ్చటగా చెప్పింది. చాలాకాలానికి ఎవరో వింటున్నారని ప్రాణం లేచొచ్చింది పాపం.

"సో వాట్ హ్యాపెన్డ్ టు దెమ్?" అన్నాడు పుట్టినరోజు పిల్లాడు విశాల్.

"మనుషులే వేటాడి చంపేశారని కొందరంటారు నాన్నా."

ఆ ఒక్క ముక్కే కొంప ముంచింది.

"గ్రాండ్! వీ'ల్ హంట్ ఇట్!" అని ఎగిరి గంతేశాడు వాడు. కానుకగా వచ్చిన కొత్త హర్లింగ్ కర్ర, ఇక్కడి హాకీలాంటి ఆటది, చేతిలోనే ఉంది.

"ఇంకేం మరి! ఆంటీయే ఆ జంతువు!" అని రామ్మోహన్ చప్పట్లు కొట్టాడు.

జ్ఞానేశ్వరి మొగుడి వంక చూసింది. అతను అప్పటికే సంచీలోంచి చెక్క గరిటెలు తీస్తున్నాడు. తమ ఇంటి గరిటెలే! అంటే అంతా ముందే మాట్లాడేసుకున్నారన్నమాట.

"ఇదా నువ్వు చెప్పింది?" అంది పళ్ళ బిగువున.

"చేతికి మూడు గోళ్ళుంటే చాలని నువ్వేగా చెప్పావు? కాసేపేనే. ఆయన చూస్తున్నాడు, నవ్వుతూ ఉండు," అంటూ రబ్బరు బ్యాండ్లతో వేళ్ళకి బిగించి కట్టేశాడు. ఎవరో ఆమె మీద ఓ గోధుమరంగు రగ్గు కప్పారు.

పట్టుచీర కాళ్ళకి అడ్డం పడుతుంటే మోకాళ్ళ మీద పాక్కుంటూ ప్రెస్ దాకా పోయింది. చీకటి. పల్చటి చెక్క గోడ అవతల వంటిల్లు. ఊపిరి తీసుకునేలోగా అక్కణ్ణుంచి జయశ్రీ గొంతు వినిపించింది.

"పాపం అంత పాకులాడుతున్నారు, చెప్పేయకూడదుటండీ? మా తమ్ముడు అచ్యుత్‌కి ఆ ఉద్యోగం ఆఫర్ లెటరు నిన్ననే వచ్చేసిందిగా!"

"ఇప్పుడు చెబితే వాళ్ళ మొహాలు మాడిపోతాయి. అచ్యుత్ సంగతి సోమవారం చూసుకుందాం. కేక్ కోసేదాకా పిల్లల్ని ఆవిణ్ణి ఆడించనీ," అన్నాడు రామ్మోహన్.

జ్ఞానేశ్వరికి రగ్గు విసిరేసి, ఆ గరిటెలు వాళ్ళ మొహాన కొట్టి, చీర దులుపుకుని వెళ్ళిపోవాలనిపించింది. ఇక దేనికి గర్జించాలి, ఎవరి కోసం గర్జించాలి?

బయట పిల్లలు నేలని బాదుతూ "కమ్ అవుట్! కమ్ అవుట్!" అని అరుస్తున్నారు. వాళ్ళ మధ్య జితేంద్ర గొంతు. "జ్ఞానా, వచ్చెయ్యవే! రామ్మోహన్ గారు కూడా వచ్చి కూర్చున్నారు!" ఆ గొంతులో ఎంత ఆశ! విన్నవాళ్ళకి గుండె తరుక్కుపోతుంది.

బయటికొచ్చింది. గర్జించింది.

పిల్లలు విరుచుకుపడ్డారు. ప్లాస్టిక్ కత్తుల దెబ్బలు ఓ లెక్కా? విశాల్ కర్ర మాత్రం అసలైన చెక్క. అది ఆమె చూపుడువేలి కణుపు మీద టక్కుమని పడింది. "అమ్మా!" అని అరిచింది. అదీ గర్జనే అనుకుని హాలంతా ఘొల్లుమంది.

"కొట్టు విశాల్! ఇంకోటి కొట్టు!" అని అందరికంటే గట్టిగా అరిచింది ఆమె మొగుడే.

ఇంటికి పోయేటప్పుడు కార్లో ఈల వేస్తున్నాడు జితేంద్ర.

"ఆయన కళ్ళనీళ్ళు పెట్టుకుని మరీ నవ్వాడు, చూశావా? ఇంక మనకే!"

"ఉద్యోగం అచ్యుత్‌కి ఇచ్చేశారు. జయశ్రీ తమ్ముడికి. లోపల ఉన్నప్పుడు వాళ్ళే అనుకుంటుంటే విన్నాను."

ఈల ఆగిపోయింది.

"విని కూడా బయటికొచ్చి ఆడావా?"

"నువ్వు పిలిచావుగా."

కారు పడవల రేవు దాటింది. పిల్లలు ఆఖరిదాకా తీయనివ్వని గరిటెల్ని దారి పొడవునా జ్ఞానేశ్వరి ఒక్కొక్కటే ఊడదీసి ఒళ్ళో పెట్టుకుంటోంది. ఇప్పుడైనా సిగ్గుపడతాడేమో, వేలికేమైందని అడుగుతాడేమో అని ఎదురుచూసింది, పిచ్చిది.

సిగ్నల్ దగ్గర బండి ఆపి, అతను ఆమె ఒళ్ళోకి చూశాడు.

"వచ్చే నెల రామ్మోహన్ గారి చిన్నదాని పుట్టినరోజు. అవి పారేయకు."

వాచిపోయిన చూపుడువేలి నుంచి ఆఖరి గరిటె ఇంకా ఊడి రావడం లేదు.