ఈల ఎటువైపు

ఖాజాగూడ గుట్టమీద సమ్మెట పడ్డప్పుడల్లా తట్ట మోస్తున్న చంద్రమ్మ దవడ అదిరిపోతోంది. మాదాపూర్‌లో లేచిన కొత్త అద్దాల మేడ దాకా రోడ్డు కావాలని గుట్టను రోజూ మందుపెట్టి పేలుస్తున్నారు, మిగిలిన బండల్ని పగబట్టినట్టు బాదుతున్నారు.

"ఏం చంద్రక్కా, గవదలు తగ్గినయ్ గదా! ఇంకా కొత్త పెండ్లికూతురు లెక్క చెంప పట్టుకుంటవేంది?" అంది వెనకే వస్తున్న నాగమణి.

"పన్ను గుంజుతుందే" అంది చంద్రమ్మ.

అబద్ధం. గవదబిళ్ళలు పసిపిల్లలకు రావాలి గానీ, నలభై దాటిన మనిషికేమిటి? వచ్చాయి, పోయాయి. వాపు దిగింది, జ్వరం దిగింది, గంజి తాగి లేచి కూర్చుంది. గండం గడిచిందనుకున్నాక ఎడమచెవిలో కీచురాయి దూరినట్టు రొద. కొన్నాళ్ళకు ఆ రొదా చచ్చింది, చెవీ చచ్చింది. దవాఖానకు పోతే "జ్వరం పోయింది గదమ్మా, ఇంకేంది?" అన్నారు.

చెబితే పని పోతుంది. మొన్న నీలమ్మ కాలు కుంటుతోందని మేస్త్రీ బాలనర్సయ్య మెడపట్టి గెంటేశాడు. "చచ్చి నా మెడకు చుట్టుకుంటవా? నడువ్!"

వత్తి అంటించిన చోటే ఈల ఊదుతారు. అందరూ ఈలకు దూరంగా పరుగెత్తాలి. ఒంటి చెవికి దిక్కు తెలియక చంద్రమ్మ మాత్రం నాగమణి వీపును చూసి పరుగెత్తేది.

పొద్దు వాలుతుండగా బాలనర్సయ్య ఆమె తట్టను కాలితో తన్నాడు. "ఏందే మహారాణీ, నిలబడ్డవ్? ఆ గుంతకాడ గడ్డపారలున్నయి, తే పో."

ఒక్కతే వెళ్ళి గుంత దగ్గర వంగింది. ఈల మోగింది.

కుడివైపు మోగింది. మరి ఆమెకు ఇప్పుడు లోకమంతా కుడివైపే కదా మోగేది! నాగమణి వీపు కోసం వెతికింది. బండలు తప్ప ఏమీ లేవు. తల గట్టిగా విదిలించి, చీర ఎగదోపి, ఎడమవైపు పరుగెత్తింది.

"అక్కా, అటు కాదే! అటు కాదు!"

ఆ కేకా కుడివైపునుంచే వచ్చింది. చంద్రమ్మ ఇంకా జోరుగా పరుగెత్తింది.

గుట్ట కడుపు పగిలింది. బండలు లేచి, ఒకదాన్నొకటి గుద్దుకుని, కుమ్మరించినట్టు పడ్డాయి.

పొగ తేలిపోయాక నాగమణి తన పైట చింపి ఆమె ముఖం మీద కప్పింది.

"చెవులు లేవా దీనికి?" బాలనర్సయ్య అరిచాడు.

ఆమె మొదట నిలబడ్డ గుంత దగ్గర ఒక్క రాయీ పడలేదు. తట్ట కింద తలకు ఆనించుకునే చుట్టబట్ట అక్కడ జారిపడి ఉంది, గుండ్రంగా, నడుమ ఇంకా చెమట తడితో.