నా నోట్‌బుక్కులో లేని గడి

మా ఆయన కటింగ్ మాస్టరు. ముప్పై ఎనిమిదేళ్లుగా కోట్లు, చొక్కాలు కత్తిరిస్తున్నారు. పార్కిన్‌సన్స్ వచ్చి నాలుగేళ్లయింది. ఊరికే కూర్చుంటే కుడిచెయ్యి వణుకుతుంది, కత్తెర పట్టగానే ఆ వణుకు కాస్తా ఆగిపోతుంది. ఇదెక్కడి విడ్డూరమని డాక్టరుని అడిగితే, "చాలామందికి అంతేనమ్మా, చెయ్యి పనిలో పడితే వణుకు తగ్గుతుంది" అన్నాడు. కాబట్టి చేతితో పేచీ లేదు. పేచీ అంతా కాళ్లతోనే. గదిలో బాగానే నడుస్తారు. గుమ్మం దగ్గరికి వచ్చేసరికి రెండు పాదాలూ నేలకు అతుక్కుపోతాయి. ఒళ్లు ముందుకు పోతుంది, కాళ్లు రావు.

షాపు మా తమ్ముడిది. కిందటి నెల అక్కడే అలా ఆగి పడిపోయారు. కాలుతున్న ఇస్త్రీపెట్టె ఆయన ముఖానికి జానెడు దూరంలో ఉందట. తమ్ముడు ఇంటికొచ్చి నేల చూపులు చూస్తూ చెప్పాడు.

"బావా, ఒకటో తారీఖు దాకా నీ బల్ల ఎవరికీ ఇవ్వను. ఈలోగా ఎవరి చెయ్యీ పట్టుకోకుండా షాపు గుమ్మంలోంచి బల్లదాకా నడిచి రా. రాలేకపోతే కొత్త మనిషిని పెట్టుకోక తప్పదు."

వాణ్ణి చెడామడా తిట్టాను. తప్పు వాడిది కాదని తెలిసే తిట్టాను. ఆ బల్ల పోతే ఈయన మంచం దిగరని నాకు భయం.

డాక్టరు మెదడుకు పని చెప్పే వ్యాయామాలు చేయించే చోటికి పంపాడు. అక్కడి ట్రైనరమ్మాయి నాకు విషయం విడమరిచి చెప్పింది. మామూలుగా నడక మనం ఆలోచించకుండానే సాగిపోతుందట. ఈ జబ్బులో ఆ దారి దెబ్బతింటుంది కాబట్టి మనసు పెట్టి అడుగు వేయడం నేర్పాలి. అది కాస్త కుదిరాక, నడుస్తూనే ఇంకో పని కలపాలి. అంకెలు వెనక్కి లెక్కపెట్టడం, పేర్లు చెప్పడం, చప్పట్లు కొట్టడం. "ఒక్కొక్కటే కలపాలండీ. తొందరపడితే మొదటికే మోసం" అంది.

బంధువులని లోపలికి రానివ్వరు. నేను బయట బెంచీ మీద కూర్చుని అద్దంలోంచి చూసేదాన్ని. మొదటి రోజు ఆ అమ్మాయి నేల మీద రంగు టేపు ముక్కలు వరసగా అంటించి, వాటిని దాటుతూ నడవమంది. ఈయన వంగి, మెడలో వేలాడే టేపు తీసి కొలవడం మొదలుపెట్టారు. మూడో ముక్క అరంగుళం పక్కకి ఉందట. సరిచేసేదాకా కదిలితే ఒట్టు. ఇంకో రోజు నడుస్తూ జంతువుల పేర్లు చెప్పమంటే, "ఏనుగు" అని ఆగిపోయి, "దీని ఛాతీ కొలత ఎంతుంటుందమ్మా?" అని అడిగారట. ఆ పిల్ల బయటికొచ్చి నాతో చెప్పి పడీపడీ నవ్వింది.

నేను ముప్పై ఏళ్లు బడిలో సైన్సు ల్యాబు చూసుకున్నదాన్ని. దేన్నైనా ఎందుకిలా అని అడక్కపోతే నాకు అన్నం సయించదు. అక్కడ ఇరవై సార్లు తలుపు దాటితే రెండుసార్లు ఆగారు. ఇంట్లో ఇరవై సార్లకి పద్నాలుగుసార్లు! అదే మనిషి, అవే కాళ్లు. ఒక నోట్‌బుక్కు తెచ్చి గడులు గీశాను. టైము, మందు వేసుకుని ఎంతసేపైంది, ఏ గుమ్మం, ఎంత వెడల్పు, చెప్పులా ఉత్తకాళ్లా, లైటు ఉందా లేదా, చేతిలో ఏమైనా ఉందా, ఆగారా దాటారా. మొత్తం ఎనిమిది గడులు. ఒకసారికి ఒక్కటే మార్చాలి. ల్యాబులో పిల్లలకి చెప్పీ చెప్పీ నా నోరు పడిపోయిన సూత్రం అది.

చెప్పులు మార్చాను. బల్బులు మార్చాను. వంటగది గుమ్మానికున్న కర్టెన్ పీకేశాను. ఏం మార్చినా ఎనిమిదో గడిలో "ఆగారు, ఆగారు" అనే రాసుకోవాల్సి వచ్చింది. ఒకటో తారీఖుకి పది రోజులే ఉన్నాయి.

అప్పుడే నాకు పన్ను పీకారు. పళ్ల డాక్టరు దూది కుక్కి, గంటదాకా నోరు తెరవకూడదన్నాడు. ఇంటికొచ్చి సోఫాలో కూలబడ్డాను. ఈయన లేచి వంటగదిలోకి వెళ్లి నాకు ఐసుముక్కలు తెచ్చారు. మళ్లీ వెళ్లి గుడ్డ తెచ్చారు. మూడోసారి గ్లాసు పెట్టి వచ్చారు. ఆరుసార్లు గుమ్మం దాటారు. ఒక్కసారీ ఆగలేదు.

నొప్పి మర్చిపోయి నోట్‌బుక్కు తీశాను. అదే గుమ్మం, అవే చెప్పులు, మందు టైము కూడా రోజూ ఉండేదే. ఏం మారింది? చాలాసేపు చూస్తే గానీ తట్టలేదు. మారింది నా నోరు.

"జాగ్రత్త, గుమ్మం వస్తోంది." "కాలెత్తండి." "అయ్యో, మెల్లగా." రోజుకి వందసార్లు అనేదాన్ని.

అయినా ఒక్క రుజువు చాలదు కదా. మర్నాడు మధ్యాహ్నమంతా కిక్కురుమనకుండా కూర్చున్నాను. దాటారు. సాయంత్రం కావాలనే, "ఏవండీ, గుమ్మం, చూసుకోండి" అన్నాను. పాదాలు టక్కున అతుక్కుపోయాయి. ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఆ దొంగని నేనే పట్టుకున్నాను, అది నేనే. చెప్పొద్దూ, ఏడుపొచ్చింది. ఆ ఏడుపు వెనకే కోపం కూడా వచ్చింది. మంచికి పోతే చెడు ఎదురైనట్టు, పడిపోకూడదని అన్న మాటలే ఆయన్ని ఆపుతున్నాయా?

ట్రైనరమ్మాయిని అడిగాను. "అందరికీ ఇలాగే ఉండదండీ. మాస్టరుగారు అడుగు మీద మనసు పెట్టాలి, మీ మాట వినాలి, మీరు భయపడకుండా చూసుకోవాలి. మేమిక్కడ వారానికో పని కలుపుతున్నాం. మీరు ఇంట్లో ఒకేసారి మూడు కలిపేస్తున్నారు" అంది, నొప్పించకుండా.

ఆ సాయంత్రం నోట్‌బుక్కు ఆయన ముందు పెట్టాను.

"మీకు ముందే తెలుసా?"

"తెలుసు."

"ఎప్పట్నుంచి?"

"మొదట్నుంచీ."

"మరి నోరు మూసుకోవే అని ఒక్కమాట అనొచ్చుగా! బల్ల పోతుందని తెలిసి కూడానా?"

ఆయన వణుకుతున్న చేతిని ఎడమచేత్తో పట్టుకున్నారు. "నువ్వు మాట్లాడకపోతే ఇది మనిల్లులా ఉండదే. నీ మాట ఆగడం కంటే నా కాలు ఆగడమే నయమనిపించింది" అన్నారు.

ముప్పై ఆరేళ్ల కాపురంలో ఈ మనిషి నాతో ఇంత పెద్ద మాట ఎప్పుడూ అనలేదు. నోట్‌బుక్కు మూసేసి, "అయితే కాలు నడిచేటప్పుడు నేను నోరు మూసుకుంటా, కూర్చున్నాక వడ్డీతో సహా మాట్లాడతా" అన్నాను. ఆ వారం మా ఇంట్లో అదే వ్యాయామం. ఆయన అడుగులు నేర్చుకున్నారు, నేను నోరు కట్టుకోవడం నేర్చుకున్నాను. ఎవరిది కష్టమైందో నన్ను అడక్కండి.

ఒకటో తారీఖు పొద్దున్నే షాపు ముందు చెయ్యి వదిలేశాను. లోపలికి పదకొండు అడుగులు. తమ్ముడు బల్ల పక్కన నిలబడ్డాడు. నేను గుమ్మం బయటే ఉండిపోయాను. గుమ్మం దాటారు. నాలుగు, ఐదు, ఆరు. మిషన్లకీ ఇస్త్రీబల్లకీ మధ్య సందులో ఆగిపోయారు. కిందటి నెల పడ్డది అక్కడే. ఒళ్లు ముందుకు వంగుతోంది. "జాగ్రత్త" నా పళ్ల దాకా వచ్చింది. పెదవి కొరికి పట్టాను. తమ్ముడు "బావా" అనబోయాడు. వేలెత్తి కళ్లురిమాను. వాడు నోరు మూశాడు.

ఆయన మెల్లగా నిటారుగా నిలబడ్డారు. ట్రైనరమ్మాయి నేర్పినట్టే బరువు ఎడమకి వేశారు, కుడికి వేశారు, మళ్లీ ఎడమకి. మోకాలు ఎత్తి పెద్ద అడుగు వేశారు. తర్వాతిది కొంచెం చిన్నది. ఇంకో మూడు. చెయ్యి బల్ల మీద ఆనింది.

తమ్ముడు కళ్లు తుడుచుకుంటూ కత్తెర అందించాడు. ఆయన దాన్ని పట్టుకుని, వెనక్కి తిరిగి, నన్ను చూసి నవ్వారు.

"వచ్చేశాగా. ఇంక మాట్లాడవే."

నోరు తెరిచాను. ఒక్క మాటా రాలేదు.