ముప్ఫై రెండు ఊపిర్లు

నేను ఒక మానిటర్‌ని. మంచం పక్కన నిలబడి మనిషి నాడి, బీపీ, జ్వరం, ఊపిరి, రక్తంలో ఆక్సిజన్ చూసి అంకెల్లో చెప్పడం నా ఉద్యోగం. పుణె శివార్లలోని ఫ్యాక్టరీలో నన్ను బిగించినవాళ్లు పరీక్షకని నన్ను తమకే తగిలించుకున్నారు. అందరూ ఆరోగ్యంగానే ఉన్నారు. లోకమంతా అలాగే ఉంటుందనుకున్నాను.

గోదావరి పక్కన ఓ చిన్న ఊరి ఆసుపత్రికి వచ్చాక మొదటి ఏడాది సూపరింటెండెంటుగారి గదిలో గుడ్డ కప్పుకుని గడిపాను. వాడితే పాడైపోతానట. ఆయన బదిలీ అయ్యాక క్యాజువాలిటీలో సిస్టర్ సువార్తమ్మ చేతికి వచ్చాను.

ఆవిడకు నా మీద గౌరవం తక్కువ. నా అంకెలన్నీ రాసుకుంటుంది. ఊపిర్లు మాత్రం రోగి ఛాతీ వంక చూస్తూ, చేతి గడియారం పెట్టుకుని, నిమిషంపాటు తనే లెక్కపెడుతుంది. నేను పక్కనే ఉండగా.

ఒక సోమవారం ఉదయం బైకు మీంచి పడి చెయ్యి విరిగిన పెళ్లిళ్ల ఫొటోగ్రాఫరు వచ్చాడు. వెంట తొమ్మిదిమంది బంధువులు. అతని అరుపులకు డాక్టరు కిరీటిగారు అక్కడే ఉండిపోయారు. నాకు తగిలిస్తే అతని అంకెలన్నీ బాగున్నాయి. అలా అరవడానికి బోలెడు ఓపిక కావాలి.

బల్ల మీద కూర్చున్న సత్తెమ్మ అరవలేదు. ఆమె రొయ్యల షెడ్డులో పనిచేస్తుంది.

"మూడ్రోజుల్నించీ జొరమండి. ఆళ్లయ్యాక సూద్దురుగాని లెండి" అంది, మాటమాటకీ ఆగుతూ.

సువార్తమ్మ వైర్లు తెచ్చి ఆమెకు తగిలించింది. నాడి నూటపదహారు, బీపీ పైది తొంభై ఎనిమిది, ఆక్సిజన్ తొంభై నాలుగు, జ్వరం నూటరెండు. ఊపిరి నిమిషానికి పదహారని చూపించాను. ఛాతీకి అంటించిన బిళ్ల ఒకటి చెమటకు ఊడిందని నాకు తెలియదు. తెలియనప్పుడు కూడా నేను అంకె చెబుతాను, అంతే ధీమాగా.

సువార్తమ్మ లెక్కపెట్టింది. ముప్ఫై రెండు. మళ్లీ లెక్కపెట్టింది. ముప్ఫై రెండే.

అక్కడ ఒక్కో అంకెకు మార్కులు వేసే కాగితం ఉంది. ఎక్కువ వస్తే ప్రమాదం ఎక్కువ. ఏడొస్తే డాక్టరు వెంటనే రావాలి. నా లెక్కన సత్తెమ్మకు ఆరు. సువార్తమ్మ లెక్కన తొమ్మిది.

"సార్, ఈవిణ్ణి ముందు చూడండి."

"మానిటర్ పదహారంటోంది కదా సిస్టర్?"

"అది అంటోందండి. మీరొకసారి లెక్కపెట్టండి."

డాక్టరుగారు వచ్చి లెక్కపెట్టారు. పావు నిమిషంలోనే ఎనిమిది. ఆయన ముఖం మారింది. ఇన్ఫెక్షన్ రక్తంలోకి పాకిందన్నారు. ఆక్సిజన్ పెట్టి, సెలైను, మందులు ఎక్కించి, గంటలోపే ఆమెను పెద్దాసుపత్రికి పంపారు. "ముందొచ్చింది మేమండి" అని ఫొటోగ్రాఫరు బంధువులు గొడవపడ్డారు.

పన్నెండు రోజులకు సత్తెమ్మ నడుచుకుంటూ వచ్చింది. నేరుగా నా ముందుకొచ్చి చేతులు జోడించింది.

"ఈ టీవీయేనండి నన్ను బతికించింది."

సువార్తమ్మ ఆమెను కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చింది. నాకు నోరు లేదు. ఉన్నా, ఆ నమస్కారాన్ని ఎలా తిప్పి పంపాలో తెలిసేది కాదు.

ఆ సాయంత్రమే సువార్తమ్మ నా నుదుటిన ప్లాస్టరు ముక్క అంటించి ఎర్ర సిరాతో రాసింది: "ఊపిరి లెక్క నమ్మవద్దు. మిగతావి సరే."

ఏళ్లు గడిచి పాతబడ్డాక, ఇప్పుడు విరిగిన స్ట్రెచర్ల మధ్య స్టోరు గదిలో ఉన్నాను. ప్లాస్టరు ఇంకా ఊడలేదు. ఫ్యాక్టరీవాళ్లు అచ్చేసిన పుస్తకంతో సహా, నా గురించి ఎవరు ఏం రాసినా, ఇంత న్యాయంగా రాసింది ఆవిడొక్కతే.