గురమ్మ పాతాళగరిగె

పొందూరులో గురమ్మ పెరటి తలుపు ఉదయం ఏడింటికి తెరుచుకుంటుంది. అప్పటికే ఇద్దరో ముగ్గురో చెంబులు పట్టుకుని అరుగు మీద కూర్చుని ఉంటారు. పాతాళగరిగె కావలసినవాళ్లు ఒక చెంబు తాకట్టు పెట్టాలి. గరిగెను మళ్లీ మేకుకి తగిలించాక ఎవరి చెంబు వాళ్లు తీసుకెళ్లాలి. ఇది గురమ్మ అత్తగారి నాటి పద్ధతి.

ఇనప కడియానికి వేలాడే పన్నెండు కొక్కేలు, ఇరవై రెండు బారల తాడు, అంతే ఆ గరిగె. ఊళ్లో మిగతా గరిగెలు నూతిలో పడిన బకెట్లను తీసేవి. గురమ్మది మాత్రం ఎక్కడ పోయిన వస్తువునైనా తన నూతిలోంచే తీసేది. పార్వతీదేవి నరసన్నపేట బస్సులో పారేసుకున్న బీరువా తాళాలు మొన్న మంగళవారం వచ్చాయి. ఆవిడ కొంగుతో తుడుచుకుని, "తుప్పట్టనేదు, నయం" అని ఇంటికెళ్లిపోయింది.

పక్కింటి సుహాసిని డిగ్రీ రెండో ఏడు, లెక్కల పిల్ల. ఆమె ఫోన్లో ఆడే తుపాకుల ఆటలోనూ ఒక కొక్కెం ఉంది. మీట నొక్కితే అది తాడుతో సహా దూసుకెళ్లి గోడను పట్టుకుంటుంది, ఆడేవాళ్లను అటు లాగేస్తుంది. ఒకసారి వాడాక పన్నెండు సెకన్లు ఆగాలి. గురి, పరుగు, కాపు కాయడం అన్నీ వచ్చిన సుహాసినికి అదొక్కటే కుదరలేదు. నలభై ఆటల లెక్క నోటు పుస్తకంలో రాసుకుంది. కొక్కెం వేసినది రెండువందల పది సార్లు, గాల్లో ఉండగానే చచ్చింది నూట నలభై ఏడు సార్లు. నూటికి డెబ్భై.

జట్టు కట్టింది ఆమే. మేనమామ కొడుకు నరేష్‌ని నాయకుణ్ణి చేసింది, మిగతావాళ్లను బతిమాలి చేర్చింది, విజయనగరం పోటీకి దరఖాస్తు పెట్టింది. శుక్రవారం సాయంత్రం ఆ నరేషే వచ్చి గోడకి చేరబడ్డాడు.

"ఒలే, ఎల్లుండి ఆడేది నలుగురమే. నీ పేరు ఐదోదిగా ఉంచీసేను, ఎవులైనా రాకపోతే ఆడుదువు. నీ బదులు శివాజీ."

"శివాజీకి గురే నేదు బావా!"

"గురి నేపోయినా నేల మీదుంటాడు. నువ్వు గాల్లోకెళ్లి పిట్టలాగ రాల్తన్నావు."

లెక్క అతని పక్షానే ఉంది.

శనివారం పొద్దున్న అరుగు మీద కూర్చుని ఊరికే నూతి వైపు చూస్తోంది. నరసింగరావు గడియారం పోయిందని గరిగె వేశాడు. బరువు తగిలీ తగలగానే బలమంతా పెట్టి లాగాడు. ఎవరిదో ఎడంకాలి చెప్పు వచ్చింది.

"పట్టగానే లాగీకు!" గురమ్మ ఖద్దరు నూలు కోసం వాలుగచేప దవడ పళ్లతో పత్తి ఏకుతూనే అరిచింది. "లాగితే ఎవుల్దో వస్తాది."

సుహాసిని పుస్తకం తెరిచింది. మధ్యాహ్నానికి పదకొండు సార్లు గరిగె పడింది, అయిదుసార్లు సొంతదారు వస్తువు వచ్చింది. ఆ అయిదుగురూ నూతి నడుమ వేయలేదు. ఓ పక్కగా వేసి, చుట్టూ తిప్పుకుంటూ తెచ్చారు. ఇంకోటి కూడా కనిపెట్టింది. వాళ్లలో ఒక్కరూ నీళ్లలోకి చూడలేదు.

"మామ్మా, నూతిలోకి సూడకపోతే ఎలాగ?"

"నూతిలోకి సూస్తే మనసు నూతిలోనే ఉంటాది. ఎక్కడెట్టాలో ఆ రాయికేసి సూడు. సెయ్యి అటే తెస్తాది."

"మరి ఆఖరిదాకా లాగాలా?"

"ఏటి లాగడం? గట్టు దగ్గరకొచ్చినాక కొంచెం ఒగ్గీయ్. ఊపుకి అదే వస్తాది. బిగబట్టి లాగితే రాయికి కొట్టుకుని జారిపోతాది."

సుహాసిని ఫోన్ తీసింది. ఆటలో తను వెళ్లాలనుకున్న కిటికీకి కాక, పక్కనున్న చూరుకి కొక్కెం వేసింది. చూపు కిటికీ వైపు తిప్పింది. తాడు పూర్తికాకముందే వదిలింది. మనిషి తిన్నగా పోకుండా వంపు తిరిగి వెళ్లి పడింది. పదిసార్లు వేస్తే నాలుగుసార్లు కుదిరింది. లెక్క తలకెక్కింది, వేలికింకా ఎక్కలేదు.

అయిదింటికి ఇంట్లోంచి మరచెంబు తెచ్చి అరుగు మీద పెట్టింది.

"నీదేటి పోయిందే గుంటా?"

"సెప్పాలా?"

"అక్కర్నేదు. దానికి తెలుస్తాది."

గరిగె పక్కగా వేసింది. తాడు జారి జారి ఆగింది. ఏదో తగిలింది. భుజాలు లాగమన్నాయి, ఆమె లాగలేదు. ఒక ఊపిరి ఆగి, గట్టు మీది నల్లరాయికేసి చూస్తూ తిప్పుకుంటూ తెచ్చింది. ఆఖరి బారలో పట్టు సడలించింది. ఆ సడలించడం ఎంతసేపో అరచేతికి తెలిసింది.

రాయి మీద ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ నీళ్లోడుతూ నిలబడింది. వీపు మీద అంటించిన కాగితం మీద "జట్టు 7, నాలుగో ఆటగాడు" అని ఉంది.

గురమ్మ కుర్చీని కదిపి చూసింది. "కాళ్లు నాలుగూ ఉన్నాయి. పట్టుకుపో."

ఆదివారం పాసింజరులో చోటు లేక సుహాసిని తలుపు దగ్గర ఆ కుర్చీ వేసుకునే కూర్చుంది. "ఎక్కడిదమ్మా?" అన్నాడు ఒకాయన. "నూతిలోదండి." "గురమ్మగారి నూతిదా" అని ఆయన పేపరు తిరగేశాడు.

విజయనగరం కల్యాణమండపంలో ఏడో జట్టు బల్ల ముందు మూడే కుర్చీలున్నాయి. శివాజీ నిలబడి ఉన్నాడు. నిలబడి ఆడకూడదని నిబంధన. నిర్వాహకుడు తల గోక్కుంటున్నాడు. "నిన్న నాలుగూ నేనే వేయించాను. మిగతా కుర్చీలన్నీ లెక్కకి సరిపోయాయి."

సుహాసిని కుర్చీ దించింది. ఆయన కాగితం చదివాడు, ఆమె పేరడిగి జాబితాలో ఐదోదిగా ఉందని చూశాడు. "మరి కుర్చీ మీది, మీరే కూర్చోండమ్మా, మొదలెట్టాలి."

"అమ్మయ్య!" అన్నాడు శివాజీ. "ఇంతమంది ముందర ఆడ్డం నా వల్ల అవ్వదు. నేను టీకెల్తన్నాను."

నరేష్ మొహం ముడుచుకున్నాడు గానీ టైము లేదు.

మొదటి ఆట చివర్లో ముగ్గురు శత్రువులు నీళ్ల ట్యాంకు మీదెక్కి కాలుస్తున్నారు. నరేష్ గోడ చాటు నుంచి కదల్లేకపోతున్నాడు. "ట్యాంకుకి ఎయ్యీకు, చచ్చిపోతావు!" అని అరిచాడు.

సుహాసిని ట్యాంకుకి వేయలేదు. పక్కనున్న దీపస్తంభానికి వేసింది. ఒక ఊపిరి ఆగింది. చూపు ట్యాంకు వెనక మెట్ల మీద నిలిపింది. అరచేతికి తెలిసిన చోట బొటనవేలు ఎత్తింది. శత్రువుల గుళ్లన్నీ ఆమె తిన్నగా పోతే ఉండాల్సిన దారిలోంచి పోయాయి. ఆమె వంపు తిరిగి వాళ్ల వీపుల వెనక దిగింది. ఒకటి, రెండు, మూడు. కొక్కెం మళ్లీ సిద్ధమవడానికి ఇంకా ఏడు సెకన్లున్నాయి.

తెర మీద రెండో ఆటకి అంకెలు దిగుతున్నాయి. నరేష్ చెమట చేతులు ప్యాంటుకి తుడుచుకున్నాడు. ఆమె వైపు చూడకుండానే అన్నాడు.

"సుహాసినీ, ముందు నువ్వెల్లు. మేం నీ ఎనకాల వస్తాం."