యజమాని చేతికి నోటీసు

పోటు వచ్చే వేళకి దేముడమ్మ పొయ్యి మీది గిన్నె దించేస్తుంది. లేకపోతే ఇల్లు లేచేటప్పుడు సగం కూర నేలపాలు. హార్బరుకు దిగే ఆ సందులో ఆమె ఇల్లొక్కటే సముద్రంతో పాటు లేస్తుంది. రోజూ మూరెడు, అమావాస్యకీ పున్నమికీ బారెడు. కరెంటు మీటరు చూసేవాళ్లు స్టూలు వెంట తెచ్చుకుంటారు. పోస్టుమాన్ నీళ్లు దిగాకే వస్తాడు. పడవని కట్టినట్టే ఇంటినీ వాకిట్లోని రాటకి మోకుతో కట్టి ఉంచాలి, అంతే.

విప్పేసిన పాత ఓడ టేకుతో ఆ ఇల్లు కట్టింది నూకరాజు తాత. నూకరాజు దేముడమ్మ మొగుడు. తొమ్మిదేళ్ల కిందట వేటకు వెళ్లాడు. పడవ దొరికింది, మనిషి దొరకలేదు. వెతికినవాళ్లు పాపం నెల్లాళ్లు వెతికి మానుకున్నారు. దేముడమ్మ మాత్రం ఆ ఇల్లు విడిచి చెల్లెలి ఊరికి కూడా వెళ్లలేదు. తను లేనప్పుడు అతను వచ్చి, తలుపు గొళ్లెం చూసి వెనక్కి పోతే? ఆమెకున్న భయం అదొక్కటే.

ఆషాఢంలో ఒక రోజు మణికంఠ వచ్చాడు. కార్పొరేషన్ గుమస్తా. గోదావరి వైపు మనిషి, గాజువాక నుంచి రెండు బస్సులు మారి, చెమటలు కక్కుతూ వచ్చాడు.

"మీ ఇంటిని పాత కట్టడాల జాబితాలో పెట్టి కాపాడాలని చూస్తున్నారండి. అందులో ఎక్కితే రోడ్డు వెడల్పుకి దీన్ని కొట్టరు. ముందు యజమానికి నోటీసు ఇవ్వాలి కదండి. నూకరాజు గారున్నారాండి?"

"మావ యాటకెల్లాడు బాబూ."

"ఎప్పుడొస్తారండి?"

"వొత్తాడు."

మూడుసార్లు తిరిగాక పక్కింటి అప్పాయమ్మ అతనికి సంగతి చెప్పింది. మణికంఠ మెట్టు మీద కూర్చుని, చేతిలో ఫైలు అటూ ఇటూ తిప్పాడు.

"అమ్మా, డెత్ సర్టిఫికెట్ తెచ్చారంటే మీ పేరెక్కించి నోటీసు మీకే ఇస్తానండి. పదిహేను రోజుల్లో అందకపోతే జాబితాలోంచి ఇల్లు తీసేస్తారు. ఆపైన రోడ్డువాళ్లొస్తారు."

"మావ సచ్చిపోయాడని నానే రాసియ్యాలా?" అంది దేముడమ్మ. "ఆయన కోసవే గదా బాబూ ఈ ఇల్లు నిలబెడతన్నాను! ఇంటి కోసం ఆయన్నే సంపుకోమంతావేటి?"

యజమాని కనపడకపోతే నోటీసు తలుపుకి అతికించమని రూలు. మణికంఠ అప్పాయమ్మని సాక్షిగా నిలబెట్టి అతికించాడు. కింద రసీదు, అందులో యజమాని వేలిముద్రకి చిన్న గడి. అది పడితేనే ఫైలు కదులుతుందట. దేముడమ్మ నోటీసు రెండుసార్లు చదివించుకుంది. 'యజమాని స్వయంగా అందుకొనవలెను' అన్న దగ్గర ఇంకోసారి చదవమంది.

అమావాస్య నాడు మధ్యాహ్నం పెద్ద పోటు. దేముడమ్మ చాపా, రెండు గిన్నెలూ తెచ్చి అప్పాయమ్మ అరుగు మీద పెట్టింది. లోపల అన్నం వండి మూత పెట్టి ఉంచింది. మోకు దగ్గర కూర్చుంది.

"ఏటి సేత్తన్నావ్ వదినా?" అంది అప్పాయమ్మ.

"మావ ఇంటికి రాలేకపోతన్నాడు. ఇల్లే ఎల్తాది. కాయితం ఆయన సేతికే అందుతాది. బతికుంటే ఇంటిని తోలుకొత్తాడు."

అప్పాయమ్మ ఎండుచేపల గంప దించి, బిగుసుకుపోయిన ముడి విప్పడానికి తనూ ఒక చెయ్యి వేసింది.

ఇల్లు లేచింది. గోడలకి రాసుకోకుండా సందులోంచి దిగి హార్బరులోకి వెళ్లింది. బోట్లవాళ్లు పక్కకి జరిగి దారిచ్చారు. దేముడమ్మ జెట్టీ చివర నిలబడి, కనపడినంత సేపూ చూసింది.

ఆ రోజు నుంచి వచ్చిన ప్రతి బోటునీ అడిగేది. "మా ఇల్లు ఎదురైనాదా?" భీమిలి దాటాక చూశామన్నారు కొందరు. కాదు, పూడిమడక ఎదురుగా, తలుపు తీసే ఉందన్నారు ఇంకొందరు. తలుపు తీసి ఉందనేసరికి ఆమెకి ఆశ పుట్టింది. తొమ్మిదేళ్లలో అంత ఆశ ఎప్పుడూ పడలేదు. ఆ మాట విన్నాక రెండు రోజులు అన్నం తినలేదు, మావ వచ్చాక ఇద్దరూ కలిసి తినొచ్చని.

నోటీసు అతికించిన పదమూడో రోజు మణికంఠ ఆఫీసుకి రమ్మని కబురు పెట్టాడు. రసీదు ఆ ఉదయం టపాలో వచ్చిందట. కాగితం ఇంకా తడిగానే ఉంది. గడిలో వేలిముద్ర, దానికి అడ్డంగా తెగిన గీత. పెళ్లైన కొత్తలో నూకరాజు బొటనవేలిని వలతాడు కోసిన గాయం, పసుపు అద్ది కట్టు కట్టింది ఆమే.

"ఆయన సేతికే అందినట్టేనా బాబూ?"

"అందినట్టేనండి. ఇంక ఫైలు..." అని మణికంఠ ఆగిపోయాడు. కాపాడడానికి అక్కడ ఇల్లెక్కడుంది?

"కాయితం వొచ్చీసింది. ఇల్లు రాలేదు," అంది దేముడమ్మ. "బతికుంటే తోలుకొచ్చీవోడు."

తొమ్మిదేళ్లుగా ఏడవని మనిషి అంతమందిలో, ఫైళ్ల బీరువాకి ఆనుకుని ఏడ్చింది. మణికంఠ కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. ఎవరూ ఊరుకోమనలేదు. చాలాసేపటికి కొంగుతో ముఖం తుడుచుకుంది.

"డెత్ సర్టిఫికెట్టు ఏ కిటికీలో ఇత్తారు బాబూ?"

చూపించాడు. తోడు వస్తానంటే వద్దంది. నలుగురి వెనక నిలబడింది.

"చనిపోయినాయన పేరు?" కిటికీ లోపలామె తల ఎత్తకుండానే అడిగింది.

కట్టుకున్నవాడి పేరు పెళ్లైన ముప్పై ఏళ్లలో ఒక్కసారి కూడా నోటితో పలకలేదు దేముడమ్మ. పెదవులు కదిపింది. పలికింది.

"వినపడట్లేదమ్మా, గట్టిగా చెప్పు."

"నూకరాజు," అంది గట్టిగా.