నేల తాకని ఇరవై పైసలు

హైమవతి ఎగరేసిన ఇరవై పైసల బిళ్ల ఇంకా కింద పడలేదు. నిడదవోలు స్టేషను వంతెన మీద నిలబడి, కిందనుంచి పాసింజరు బండి పొగ వదులుకుంటూ పోతుంటే, ఆమె దాన్ని బొటనవేలితో పైకి మీటింది. అప్పుడామె పరికిణీ వోణీలో ఉంది, కోదండానికి మీసం ఇంకా సరిగ్గా రాలేదు. ఇప్పుడా మీసం వచ్చి, నెరిసి, తీసేసి కూడా చాలాకాలమైంది. బిళ్ల మాత్రం పైనే ఉంది.

షరతు ఆమెదే. "పద్మం పడితే నిన్ను చేసుకుంటాను. సింహాలు పడితే మా నాన్న చూసిన తణుకు సంబంధం. తర్వాత ఏడుపులుండకూడదు, ఇద్దరికీనూ." కోదండం ఒప్పుకున్నాడు. ఒప్పుకోక ఏం చేస్తాడు పాపం, ఆమె అప్పటికే ఎగరేసేసింది.

పడనిదాని మీద ఎవరు మాత్రం ఏం తేలుస్తారు? తణుకువాళ్లు కొన్నాళ్లు "పడిందా?" అని కబురు పంపారు, తర్వాత మానేశారు. హైమవతి టైపు ఇన్‌స్టిట్యూట్ పెట్టుకుంది. కోదండం రేడియోలు బాగుచేసే కొట్టు పెట్టుకున్నాడు. బజార్లో ఎదురుపడితే ఇద్దరూ ముందు ఆకాశంకేసి చూస్తారు, ఆ తర్వాతే ఒకరినొకరు చూసుకుంటారు.

"పడిందా?" అంటాడతను.

"ఇంకా లేదు," అంటుందామె, కూరగాయల సంచీ చెయ్యి మార్చుకుంటూ.

అంతే మాట. ఆ మాట కోసం కోదండం వంకాయలు అక్కర్లేని రోజున కూడా బజారుకి వెళతాడు. ఊరికి ఇదంతా మామూలైపోయింది. వంతెన ఎక్కినవాళ్లు ఆ చోటికి రాగానే కొంచెం పక్కకి జరిగి నడుస్తారు, నెత్తిన పడుతుందేమోనని.

రేడియోలు తెచ్చేవాళ్లు తగ్గిపోయి, కొట్లో ఊరికే ఫోను చూసుకుంటూ కూర్చున్నప్పుడు అతనికి ఆన్‌లైన్ వేలాల సంగతి తెలుస్తుంది. పాత నాణేలని పాట పెట్టి అమ్ముతున్నారు. ఇక్కడ ఎగిరిన బిళ్ల ఇక్కడే పడాలని రూలేం లేదు కదా, ఆకాశం అందరిదీ ఒకటే కదా అనుకుంటాడు. ఆ రోజునుంచీ పద్మం బిళ్ల ఎక్కడ కనబడితే అక్కడ పాట పాడుతున్నాడు. కొన్ని విడిగా వస్తాయి, కొన్ని మూటగట్టి వస్తాయి. మూట విప్పి చూసి కొంటానంటే కుదరదు. కొన్నాకే విప్పాలి, మన అదృష్టం. సోల్డరింగు పొగ పీల్చి కూడబెట్టిందంతా ఆ మూటల్లోకే పోతోంది.

పరీక్ష సులువే. వచ్చిన ప్రతి బిళ్లనీ వేళ్ల మధ్య పట్టుకుని గచ్చుమీద వదులుతాడు. పడిందంటే అది కాదు. ఇప్పటిదాకా అన్నీ పడ్డాయి.

పడినవి ఊరికే పడి ఊరుకోవు. ఒక్కో బిళ్ల కింద పడగానే, వెనకెప్పుడో దాన్ని ఎగరేసి ఎవరు ఏం తేల్చుకోవాలనుకున్నారో అది అతనింట్లో తేలిపోతుంది. ఒకటి పడగానే నడవ పొడుగ్గా సాగుతుంది, ఎవరో గుడివాడ కుర్రాళ్లు ముందు బ్యాటింగు మాదేనంటూ వికెట్లు పాతుతారు. ఇంకోటి పడగానే ఒక చెల్లెలికి కిటికీ పక్క సీటు దొరికి, ఆ పిల్ల కోదండం వాళ్ల బామ్మగారి నాటి ఉయ్యాలబల్ల మీద కూర్చుని బయటికి చెయ్యి ఊపుతుంది. ఒక పెద్దమనిషికి కాశీకి బదులు రామేశ్వరం పడుతుంది, ఆయన వంటింట్లోంచి పెట్టె సర్దుకుని బయల్దేరతాడు. కోదండం వాళ్లందరికీ మంచినీళ్లిస్తాడు. అందరి సంగతులూ తన ఇంట్లోనే తేలుతుంటే, తనదొక్కటీ తేలకపోవడం అతనికి చాలా కష్టంగా ఉంటుంది.

ఒక మధ్యాహ్నం ఆ వేలంలో కొత్త బిళ్ల వస్తుంది. ఇరవై పైసలు, పద్మం. స్థితి అన్నచోట "నేల తాకలేదు" అని రాశారు. అమ్మేవారి ఊరు దగ్గర "నిడదవోలు, పైన" అని ఉంది. ఫొటోలో బిళ్ల గిర్రున తిరుగుతోంది. ఫోను చెవి దగ్గర పెట్టుకుంటే పాసింజరు బండి కూత వినిపిస్తుంది.

అతను వంద అంటాడు. వెంటనే ఎవరో నూటపదహారు అంటారు. అతను అయిదువందలంటే, అయిదువందల పదహారు. వెయ్యి అంటే, వెయ్యిన్నూట పదహార్లు. పాటలో ఇలా పెంచేవాళ్లుండరు. పెళ్లిలో చదివించేవాళ్లు మాత్రమే ఇలా పెంచుతారు. అతను కొట్టుకి తాళమేసి, నేరుగా టైపు ఇన్‌స్టిట్యూట్‌కి వెళతాడు.

నేర్చుకునేవాళ్లు మానేసి చాలా రోజులైనా, టైపు మిషన్లు అలవాటుకొద్దీ వాటి పాఠం అవి కొట్టుకుంటున్నాయి. హైమవతి కళ్లజోడు నుదుటిమీదికి తోసుకుని ఫోను చూస్తోంది.

"నువ్వేనా?" అంటాడు కోదండం.

"నేనే. నా బిళ్ల నేను కొనుక్కుంటున్నాను. నీకేం పోయింది?"

"ఎగరేసింది నువ్వు. కింద నిలబడింది నేను. సగం నాది."

ఆమె ఒక మిషను మీద గుడ్డ కప్పుతుంది. అది లోపలే కొట్టుకుంటుంది.

"తణుకాయన పోయారు, తెలుసా? ఆయనా పెళ్లాడకుండా ఎదురుచూసే పోయారు," అంటుంది. "ఇప్పుడు సింహాలు పడ్డాయనుకో, ఆ క్షణంలోనే నాకు పెళ్లీ అవుతుంది, బొట్టూ పోతుంది. మొహం కూడా గుర్తులేని మనిషి కోసం ఏడవాలి."

"పద్మం పడితే?"

"పద్మం పడితే ఇంకా కష్టం. ఇన్నేళ్ల కాపురం ఒక్కసారి నెత్తిన పడుతుంది. ఇన్నేళ్ల పోట్లాటలు, ఇన్ని జ్వరాలు, ఇన్ని జాడీల ఆవకాయ. మనకంత ఓపికుందా, కోదండం?"

"నాకుంది," అంటాడతను. ఆ మాట అనడానికే ఇన్నాళ్లూ బతికి ఉన్నాననిపిస్తుంది అతనికి.

ఆమె కిటికీలోంచి ఆకాశంకేసి చూస్తుంది.

"అంత భయమున్నదానివి పాటెందుకు పెంచుతున్నావు?" అంటాడు కోదండం.

"పెంచకపోతే వేరేవాళ్లు కొంటారు. వాళ్లింట్లో తేలుతుంది మన సంగతి. ఎవరో ముక్కూమొహం తెలియనివాళ్లు మన కాపురానికి మంచినీళ్లిస్తారా?"

ఇది న్యాయంగానే తోస్తుంది కోదండానికి. "పోనీ ఎవరు పాడాలో బిళ్ల వేసుకుందామా?" అంటాడు.

"ఒకటి వేసిన ముచ్చట చాలదూ?" అంటుంది హైమవతి. ఇద్దరికీ ఒకేసారి నవ్వొస్తుంది. వోణీ రోజుల నవ్వే, ఎక్కడా అరగలేదు. ఆ నవ్వులోనే ఇద్దరూ ఒకే ఫోను మీద చెరో వేలూ పెట్టి ఆఖరి పాట పాడతారు, దానికీ చివర పదహార్లు కలిపి. పాట వాళ్లకే కొట్టేస్తారు. కొన్నది వెనక్కి తీసుకోరని కింద రాసుంటుంది.

మర్నాడు ఉదయం కొరియరాయన ఫోను చేస్తాడు. "ఇది ఇంటికివ్వడానికి లేదండీ. నేల తాకకూడదని రాసుందండీ. వంతెన మీదికొచ్చి పట్టుకోవాలండి."

వంతెన మెట్లు కోదండం మోకాళ్లు పట్టుకుంటూ ఎక్కుతాడు, హైమవతి రెయిలింగు పట్టుకుని ఎక్కుతుంది. ఆ చోటు ఖాళీగానే ఉంది, అందరూ తప్పుకుని నడిచినందువల్ల సిమెంటు కూడా కొత్తగా ఉంది. ముందు ఆ రోజు పైకెళ్లిన బొగ్గుపొగ దిగుతుంది. దాని వెనకే, ఆ రోజు గాలికి ఎగిరిపోయిన ఆమె రిబ్బను వచ్చి కోదండం భుజాన వాలుతుంది. అప్పుడు పైన ఏదో పసుప్పచ్చగా మెరుస్తుంది.

హైమవతి రెండు చేతులూ చాపి టప్పున పట్టుకుని, గుప్పిళ్లు కలిపి మూసేస్తుంది.

"ఏం పడింది?" అంటాడు కోదండం.

"చూడలేను. భయంగా ఉంది."

ఆమె వేళ్ల సందుల్లోంచి దీపం వెలుతురు వస్తోంది. కోదండం వంగి చెవి ఆనిస్తాడు. లోపల తిరగమోత చిటపటలాడుతోంది. ఎవరో కంచం పెట్టిన చప్పుడు. ఆ తర్వాత, ఇన్నేళ్లలో ఎవరూ అతన్ని పిలవని పిలుపు వినిపిస్తుంది.

"ఏవండీ, అన్నానికి రండి."

కోదండానికి కళ్లనీళ్లాగవు. "హైమా, అది నీ గొంతు."

"నాదే. వెళ్లు మరి, పిలుస్తోంటే!"

"నువ్వు రావా?"

"నేను లోపలే ఉన్నానుగా, వినపడటం లేదూ? ఇక్కడ చేతులు మూసి పట్టుకోవడానికి ఒక మనిషుండాలి. వదిలేస్తే నేల తాకుతుంది."

కోదండం ఆమె బొటనవేలి మొదట్లో చెప్పులు విడుస్తాడు. రిబ్బను జేబులో పెట్టుకుని, తల వంచి లోపలికి వెళతాడు. కాళ్లు కడుక్కోవడానికి గుమ్మంలో నీళ్లున్నాయి. గోడకి తను బాగుచేసిన మొదటి రేడియో ఉంది, పీటమీద ఆవకాయ జాడీ ఉంది. కంచం ముందు కూర్చుని తలెత్తి చూస్తాడు. పైకప్పు నిండా హైమవతి అరచేతి గీతలు. వాటి కింద ఇరవై పైసల బిళ్ల ఇంకా గిర్రున తిరుగుతూ గదంతా చల్లగా గాలి విసురుతోంది, ఒకసారి పద్మం, ఒకసారి సింహాలు.

"దాన్ని చూడకండి," అంటుంది హైమవతి, నెయ్యి వడ్డిస్తూ. "అన్నం చల్లారిపోతుంది."